ప్రొపిలీన్ గ్లైకాల్ పుట్టుపూర్వోత్తరాలు: ఆలత్తూరు నుంచి నా అనుభవం

చెన్నై నుంచి పాత మహాబలిపురం రోడ్డు మీద తిరుప్పోరూరు దాటి కొంత దూరం పోతే ఆలత్తూరులో చిన్న పరిశ్రమల అభివృద్ధి సంస్థ సిడ్కో ఏర్పాటు చేసిన ఔషధ పారిశ్రామిక వాడ వస్తుంది. అక్కడి ఒక చిన్న కర్మాగారంలో నేను క్వాలిటీ అష్యూరెన్స్ విభాగం చూస్తున్నాను. మాది పిల్లల సిరప్పులు, సస్పెన్షన్లు, వాటితో పాటు ఒక వరుస మాత్రలు మాత్రమే చేసే యూనిట్. యజమానిగారిది నెల్లూరు జిల్లా, ల్యాబ్‌లో సగం మంది తిరుపతి, చిత్తూరు వైపు ఫార్మసీ కళాశాలల నుంచి వచ్చినవాళ్లు. అందువల్ల మా దగ్గర రికార్డులు ఇంగ్లీషులో, యంత్రాల దగ్గర మాటలు తమిళంలో, వాదనలు తెలుగులో నడుస్తాయి. సిరప్పులో మందు కాని ఒక ద్రవాన్ని, అంటే ప్రొపిలీన్ గ్లైకాల్‌ను, ఎవరి దగ్గర, ఏ కాగితాలతో, ఏ పరీక్షతో కొనాలన్న వాదన అలాంటి వాటిలో ఒకటి. అది మా యూనిట్ లెక్కలనూ, మేము తయారు చేసే మందుల జాబితానూ ఎలా మార్చిందో ఇక్కడ రాస్తున్నాను.

పారాసెటమాల్ నీళ్లలో సరిగా కరగదు. దాన్ని కరిగించి, చల్లటి వాతావరణంలో కూడా సీసా అడుగున పేరుకోకుండా నిలపడానికి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సార్బిటాల్ వంటివి వాడతాము. పరిశ్రమలో వీటిని ఎక్సిపియెంట్లు అంటారు. వీటి చిక్కంతా డైఎథిలీన్ గ్లైకాల్ అనే మరో ద్రవంతో వస్తుంది. బ్రేక్ ఆయిల్ వంటి వాటిలో వాడే ఈ ద్రవం కూడా రంగులేనిదే, చిక్కనిదే, తియ్యనిదే. శరీరంలోకి వెళ్లాక డైగ్లైకాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలను పాడుచేస్తుంది. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ ద్రావణంలో దీన్ని వాడినందువల్ల వందమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది ఆ దేశం తన ఔషధ చట్టాన్ని కొత్తగా రాసుకున్నది ఆ మరణాల వల్లనే. మన దేశంలో 1972లో ఇదే మద్రాసులో, 1986లో బొంబాయిలో, 1998లో గుర్గావ్‌లో అదే విషం ప్రాణాలు తీసింది. 2022లో గాంబియా పిల్లల మరణాల తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీ చేసింది. ఇంత చరిత్ర ఉన్న విషం గురించి తెలియక జరిగిందని చెప్పుకునే హక్కు మా పరిశ్రమకు ఎన్నడో పోయింది.

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో 20 మందికి పైగా పిల్లలు దగ్గు మందు తాగి మూత్రపిండాలు పాడై చనిపోయారు. ఆ మందు తయారైంది మాకు పక్క జిల్లా అయిన కాంచీపురంలో. తమిళనాడు ఔషధ నియంత్రణ విభాగం పరీక్షలో ఆ సిరప్పులో 48.6 శాతం డైఎథిలీన్ గ్లైకాల్ తేలింది. ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి ముడిసరుకులో దానికి ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల గ్రంథం, అనుమతించే పరిమితి 0.10 శాతం. 48.6 శాతమంటే పొరపాటున ఒలికిన చుక్క కాదు, పీపాల కొద్దీ వేరే సరుకు లోపలికి వచ్చినట్టు. అక్టోబరు 7న కేంద్ర ఔషధ నియంత్రణాధికారి, ప్రతి బ్యాచ్ ముడిసరుకునూ, తయారైన మందునూ పరీక్షించకుండా బయటికి పంపనివ్వవద్దని రాష్ట్రాలన్నిటికీ లేఖ రాశారు. ఆ తర్వాత చెన్నై చుట్టుపక్కల సిరప్పులు చేసే యూనిట్లకు తనిఖీ బృందాలు రావడం మొదలైంది.

మా దగ్గరికి వచ్చిన అధికారులు అడిగినవాటిలో ఎక్కువ భాగం మా దగ్గర ఉన్నవే. ప్రొపిలీన్ గ్లైకాల్ కొనుగోలు బిల్లులు, ఔషధ గ్రేడు అని రాసిన సీవోఏలు (తయారీదారు ఇచ్చే విశ్లేషణ ధ్రువపత్రాలు), ప్రతి లాటుకూ బయటి ల్యాబ్‌లో చేయించిన గ్యాస్ క్రొమటోగ్రఫీ (సరుకును ఆవిరిగా మార్చి, అందులోని పదార్థాలను విడదీసి కొలిచే పరీక్ష) నివేదికలు, బ్యాచ్ రికార్డులు అన్నీ బల్ల మీద పెట్టాము. వాటిని చాలా ఓపికగా చూసిన ఇన్‌స్పెక్టర్ ఒక ప్రశ్న అడిగారు: "సీవోఏ మీద తయారీదారు పేరుంది. బిల్లు మీద వ్యాపారి పేరుంది. ఈ తయారీదారు ఈ బ్యాచ్‌ను ఈ వ్యాపారికి అమ్మినట్టు చూపే కాగితం ఏది?" అలాంటి కాగితం మా దగ్గర లేదు. పక్క యూనిట్లలో విచారిస్తే వాళ్ల దగ్గరా లేదు. అంతవరకు దాన్ని అడిగినవారు లేరు, ఇచ్చే అలవాటు వ్యాపారులకూ లేదు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, ఎందుకంటే అది చట్టం మాటకూ వాడుకకూ మధ్య ఉన్న సందులో సరిగ్గా పడింది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మూడవ సెక్షన్ ప్రకారం మందులో భాగంగా వాడటానికి ఉద్దేశించిన ప్రతి పదార్థమూ, ఖాళీ జెలటిన్ క్యాప్సూల్‌తో సహా, మందే. అంటే నా సిరప్పులోకి వెళ్లే ప్రొపిలీన్ గ్లైకాల్ చట్టం దృష్టిలో మందు. అయితే అదే ద్రవం రంగులు, రెజిన్లు, సౌందర్య సాధనాలు, కూలెంట్లు చేసేవారికి కేవలం రసాయనం. మందుగా వాడటానికి ఉద్దేశించని పదార్థాలకు నిబంధనల్లోని షెడ్యూల్ డి దిగుమతి షరతుల నుంచి మినహాయింపు ఇస్తుంది. ఒకే ఓడలో వచ్చిన ఒకే ద్రవం చెన్నై రేవు దాటాక రెండు దారులు పడుతుంది. ఒక దారిలో లైసెన్సులు, రికార్డులు, మరొక దారిలో కేవలం బిల్లు. ఆ రెండు దారులూ మళ్లీ కలిసే చోటు రసాయనాల వ్యాపారి గోదాము. పెద్ద డ్రమ్ముల నుంచి చిన్న క్యాన్లలోకి వంపి అమ్మే పని జరిగేదీ అక్కడే.

మా వ్యాపారి కుటుంబం మూడు తరాల కిందట నెల్లూరు నుంచి వచ్చి జార్జ్ టౌన్‌లో స్థిరపడింది. మా యజమానిగారి తండ్రిగారి కాలం నుంచి మాకు సరుకు వాళ్లే ఇస్తున్నారు. తయారీదారు ఇచ్చిన ఇన్‌వాయిసు నకలూ, రవాణా రసీదూ కావాలని నేను వెళ్లి అడిగినప్పుడు శెట్టిగారు మొదట నవ్వారు, తర్వాత నొచ్చుకున్నారు. "ఏమ్మా, మీ పెద్దయ్యగారు ఫోన్ చేసి డ్రమ్ము పంపించమంటే పంపించేవాళ్లం. ఇన్నేళ్ల తర్వాత ఎక్కడి నుంచి తెచ్చారని మమ్మల్నే అడుగుతున్నారా?" అన్నారు. ఆయన బాధలో న్యాయం ఉంది. వ్యాపారికి తన సరఫరాదారు ఎవరో, ఎంతకు కొన్నాడో చెప్పడమంటే తన లాభం ఎంతో చెప్పినట్టే. రేపు మేము నేరుగా అక్కడికే వెళ్లిపోవచ్చు. ధర భాగం చెరిపేసి నకలు ఇమ్మని కోరాను. కొన్ని లాట్లకు ఇచ్చారు. కొన్నిటికి, తాము ఇంకొక వ్యాపారి దగ్గర తీసుకున్నామని, అతను ఇవ్వడం లేదని చెప్పారు. ఇవ్వలేకపోయిన ఆ లాట్లలో మిగిలిన సరుకును, బయటి ల్యాబ్ నివేదిక బాగానే ఉన్నా, వాడకూడదని మేము తీర్మానించుకున్నాము. నివేదిక బాగున్నప్పుడు పారవేయడమెందుకని ప్రొడక్షన్ మేనేజరు గట్టిగా వాదించారు. ఆ నివేదిక ల్యాబ్‌కు చేరిన చిన్న సీసా గురించి చెబుతుంది, ఆ సీసా ఏ డ్రమ్ములోంచి వచ్చిందన్నది మన నమ్మకం మాత్రమే అని నా జవాబు.

ఇక్కడ ఒక రసాయన విషయం చెప్పాలి, ఎందుకంటే పరీక్ష తప్పనిసరి చేస్తే చాలనుకునేవారు దీన్ని పట్టించుకోరు. ప్రొపిలీన్ గ్లైకాల్‌ను ప్రొపిలీన్ ఆక్సైడ్‌ను నీటితో చర్య జరిపి తయారు చేస్తారు. అందులో ఉపఉత్పత్తిగా వచ్చేది డైప్రొపిలీన్ గ్లైకాల్. డైఎథిలీన్ గ్లైకాల్ పుట్టేది ఎథిలీన్ ఆక్సైడ్ నుంచి, అంటే వేరే ప్లాంటులో. కాబట్టి మంచి తయారీదారు ప్లాంటులో ప్రొపిలీన్ గ్లైకాల్‌తో పాటు అది శాతాల లెక్కన పుట్టే అవకాశం లేదు. శాతాల లెక్కన కనబడిందంటే అది తయారీ తర్వాత, దారిలో, లేబులు మార్చిన చోటో, డ్రమ్ము మార్చిన చోటో చేరిందన్నమాట. దారిని చూపించే కాగితానికి యంత్రం ఇచ్చే అంకెతో సమానమైన విలువ ఉందని నేను నమ్మడానికి కారణం ఇదే.

తమాషా ఏమిటంటే, ప్రొపిలీన్ గ్లైకాల్ తయారు చేసే మణలి పెట్రోకెమికల్స్ మా నగరపు ఉత్తర కొసలోనే, మణలి రిఫైనరీ పక్కన ఉంది. రిఫైనరీ నుంచి వచ్చే ప్రొపిలీన్‌తో ఆక్సైడు, దానితో గ్లైకాల్ అక్కడే చేస్తారు. నగరం ఒక చివర సరుకు పుడుతుంటే, ఇంకొక చివర ఉన్న మేము దాన్నో, విదేశాల నుంచి వచ్చిన సరుకునో ఇద్దరు ముగ్గురు మధ్యవర్తుల చేతుల మీదుగా కొనుక్కుంటూ వచ్చాము. దీనికి కారణం మా అజాగ్రత్త కన్నా మా పరిమాణం. లెక్క చూడండి. మా మామూలు బ్యాచ్ 500 లీటర్లు, 60 మిల్లీలీటర్ల సీసాలైతే 8 వేలకు కొంచెం పైన. సిరప్పులో ప్రొపిలీన్ గ్లైకాల్ 10 శాతమనుకుంటే బ్యాచ్‌కు 50 లీటర్లు. 215 కిలోల డ్రమ్ము ఒక్కటి నాలుగు బ్యాచ్‌లకు సరిపోతుంది. నెలకు కొన్ని డ్రమ్ములు కొనే మాలాంటివారికి ఏ పెట్రోకెమికల్ సంస్థయినా ప్రత్యేకంగా ఖాతా తెరిచి నేరుగా సరుకు పంపడం కష్టం. ట్యాంకర్లు కొనే పెద్ద కంపెనీలకు తయారీదారు గుమ్మం తెరిచే ఉంటుంది, డ్రమ్ములు కొనేవారికి పంపిణీదారు, క్యాన్లు కొనేవారికి వీధి వ్యాపారి. ప్రమాదం పెరిగేది కూడా ఆ క్రమంలోనే.

ధర సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ఔషధ గ్రేడుకూ పారిశ్రామిక గ్రేడుకూ మధ్య కిలోకు 30 రూపాయల తేడా ఉందనుకుందాం. సీసాకు వాడేది 6 మిల్లీలీటర్లు, అంటే 6 గ్రాములకు పైచిలుకు. తేడా సీసాకు 20 పైసలకు లోపే. చిన్న యూనిట్లు మంచి ముడిసరుకు భరించలేవన్న మాట నాకు నచ్చనిది అందుకే. పైసల్లో ఉన్న ఆ తేడా కోసం ఎవరైనా తప్పు దారి తొక్కితే దానికి పేదరికం కారణం కాదు. భరించడం కష్టమైనవి వేరే ఉన్నాయి, అవి పరీక్షలు, సిబ్బంది, నిలిచిపోయే పెట్టుబడి.

చివరికి మేము తయారీదారు అధీకృత పంపిణీదారు దగ్గర, సీలు తీయని అసలు డ్రమ్ముల్లో మాత్రమే కొనాలని నిర్ణయించుకున్నాము. కనీస ఆర్డరు మా మూడు నెలల అవసరానికి మించి ఉంది. పారిశ్రామిక వాడలో సిరప్పులు చేసే మరో రెండు యూనిట్లతో మాట్లాడి ఆర్డర్లు ఒకేసారి పెట్టేట్టు ఏర్పాటు చేసుకున్నాము. ఎవరి బిల్లు వారిది, ఎవరి డ్రమ్ములు వారివి, లారీ మాత్రం ఒకటి. ఒక డ్రమ్మును ముగ్గురం పంచుకోవడమన్న ఆలోచనను మాత్రం మొదటి సమావేశంలోనే కొట్టేశాము, ఎందుకంటే మూత తీసిన డ్రమ్ము నుంచి వంపుకున్న సరుకుకు పుట్టుక చెప్పలేము. వెండర్ ప్రశ్నావళి, తయారీదారు లైసెన్సు వివరాలు, డ్రమ్ముల శుభ్రత విధానం, ఎథిలీన్ ఆక్సైడ్ ఆధారిత సరుకులు అదే గోదాములో ఉంచుతారా లేదా అన్న ప్రశ్న, ప్లాంటు సందర్శన, మూడు లాట్ల పూర్తి పరీక్ష, చివరగా ఆమోదిత సరఫరాదారుల జాబితాలో పేరు చేర్చడం, ఇదంతా ఒక విడత. ప్రశ్నావళికి జవాబు రావడానికే ఎదురుచూపులు ఎక్కువయ్యాయి. ఆ మధ్యలో రెండు సిరప్పుల తయారీ ఆపివేశాము. పంపిణీదారుల దగ్గర అప్పటి వరకు ఇలాంటి ప్రశ్నలు చిన్న యూనిట్ల నుంచి వచ్చినట్టు లేదు. మా ప్రశ్నావళి చూసి ఒకరు "మేడమ్, మీరు ఎక్స్‌పోర్ట్ చేస్తారా?" అని అడిగారు. దేశంలోని పిల్లలకు వేసే మందుకు ఇన్ని ప్రశ్నలా అన్న అర్థం అందులో ధ్వనించింది. ఎగుమతయ్యే దగ్గు మందులను ప్రభుత్వ ల్యాబ్‌లలో పరీక్షించాకే పంపాలన్న నియమం 2023 జూన్ 1 నుంచి ఉంది. దేశంలో తాగే సీసాకు ఆ కాపలా అప్పటికి లేదు.

పరీక్షల విషయంలో మేము నేర్చుకున్నది కొంచెం విడమరచి చెప్పాలి. డ్రమ్ము నిండా వేరే ద్రవం ఉందో లేదో తెలుసుకోవడానికి లక్షల రూపాయల యంత్రం అక్కర్లేదు. ప్రొపిలీన్ గ్లైకాల్ సాపేక్ష సాంద్రత 1.036 దగ్గర, వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే కొలత, 1.432 దగ్గర ఉంటాయి. డైఎథిలీన్ గ్లైకాల్‌కు అవి 1.118, 1.447. పావువంతు కలిసినా రిఫ్రాక్టోమీటరు ముందుకూ సాంద్రత సీసా ముందుకూ వచ్చేసరికి దొరికిపోతుంది. ఇలాగే విషమైన ఎథిలీన్ గ్లైకాల్ వక్రీభవన గుణకం మాత్రం ప్రొపిలీన్ గ్లైకాల్‌కు దాదాపు సమానం, కాబట్టి రిఫ్రాక్టోమీటరు ఒక్కదాన్ని నమ్మకూడదు. దాని సాంద్రత 1.11 దాటుతుంది గనుక రెండో పరీక్ష దాన్ని పట్టిస్తుంది. మేము ప్రతి డ్రమ్ము నుంచీ నమూనా తీసి ఈ రెండూ స్టోర్స్‌లోకి రాకముందే చేస్తున్నాము. అక్కడ ఆగిపోయిన డ్రమ్ము క్వారంటైన్ గీత కూడా దాటదు. దేశంలో ఇంతమంది పిల్లలు పోయిన సంఘటనల్లో చాలా వాటిని ఈ స్థాయి పరీక్షే ఆపగలిగేదన్నది నా అభిప్రాయం.

0.10 శాతం పరిమితిని నిరూపించాలంటే మాత్రం గ్యాస్ క్రొమటోగ్రఫీ తప్పదు. బయటి ల్యాబ్‌లకు 2025 అక్టోబరు తర్వాత నమూనాలు వెల్లువెత్తాయి, నివేదిక కోసం ముడిసరుకు గోదాములో కూర్చునేది. అందువల్ల సొంతంగా జీసీ, అంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం, కొనాలని యజమానిగారు ఒప్పుకున్నారు. యంత్రం, హైడ్రోజన్ జనరేటరు, ఎయిర్ కండిషన్డ్ గది, యూపీఎస్, సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రయల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదయ్యే ఏర్పాటు), అన్నీ కలిసి ఇరవై లక్షలు దాటాయి. మాలాంటి యూనిట్‌కు అది ఒక కొత్త ఫిల్లింగ్ లైను డబ్బు. పైగా ఫిల్లింగ్ లైను సీసాలు ఇస్తుంది, జీసీ అనుమతి మాత్రమే ఇస్తుంది.

ముడిసరుకును పరీక్షించడం తేలిక. తయారైన సిరప్పును పరీక్షించడం వేరే కథ. 2025 చివరి నుంచి నోటి ద్వారా ఇచ్చే ద్రవ మందులను కూడా డైఎథిలీన్ గ్లైకాల్, ఎథిలీన్ గ్లైకాల్ అనే ఈ రెండు విషాల కోసం చూడాలన్న నియమం వచ్చాక మా ల్యాబ్‌కు అసలు కష్టం మొదలైంది. సిరప్పులో సగం పైగా చక్కెర, సార్బిటాల్. వాటికి ఆవిరయ్యే గుణం లేదు. జీసీ ఇంజెక్టరు వేడికి చక్కెర మాడి గాజు లైనరులో నల్లగా పేరుకుంటుంది, తర్వాతి ఇంజెక్షన్లలో గ్రాఫు మీది శిఖరాలు తోకలు చాస్తాయి, కొలతలు నిలకడ తప్పుతాయి. అసిటోనైట్రైల్‌తో పలుచన చేసి చక్కెరను అడుగుకు దింపి, వడకట్టి, పైతేటను మాత్రమే ఇంజెక్టు చేసే పద్ధతిని మా అమ్మాయిలు నిలబెట్టారు. అయినా కొన్ని ఇంజెక్షన్లకు ఒకసారి లైనరు మార్చాల్సి వచ్చేది. రుచి కోసం కలిపే ఫ్లేవరులోని పదార్థాలు కొన్ని డైఎథిలీన్ గ్లైకాల్ వచ్చే సమయానికే బయటికి వచ్చి, లేని విషం ఉన్నట్టు చూపించాయి. ఒక్కో సిరప్పుకు ఒక్కో ఫ్లేవరు గనుక పద్ధతిని ఒక్కొక్కదానికి విడిగా నిరూపించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ఫార్మకోపియాలో ముందుగా టీఎల్‌సీతో (పలుచని పొర పూసిన ప్లేటు మీద పదార్థాలను విడదీసి చూసే పరీక్షతో) వడపోసి, అనుమానం ఉన్నవాటిని జీసీకి పంపే దారి చూపింది. ప్లేటు, ద్రావకం, కొన్ని రసాయనాలతో అయిపోయే ఆ మొదటి మెట్టు చిన్న యూనిట్లకు సరిగ్గా సరిపోతుంది. మేము ప్రతి బ్యాచ్‌కు దాన్ని కూడా చేసి రికార్డు ఉంచుతున్నాము.

నియమం వల్ల పడే భారం పరిమాణానికి తలకిందులుగా పడుతుందని ఈ పనిలో నాకు కళ్లారా కనిపించింది. ట్యాంకరు కొనే కంపెనీ ఒక్క పరీక్షతో టన్నుల సరుకును విడుదల చేస్తుంది. మేము ఒక్కొక్క డ్రమ్మునూ పరీక్షిస్తాము. వారి కిలోకు పడే పరీక్ష ఖర్చు లెక్కలోకి రానిది, మాది ముడిసరుకు ధరతో పోటీ పడుతుంది. దాన్ని ధరలో రాబట్టుకుందామంటే పారాసెటమాల్ సిరప్పు జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు కింద దానికి గరిష్ఠ ధర ఉంటుంది, ఏటా టోకు ధరల సూచీని బట్టి తప్ప కదలదు. ఆసుపత్రులకు సరఫరా చేద్దామంటే తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ వంటి సంస్థల టెండర్లలో తక్కువ ధర వేసినవారిదే ఆర్డరు. ఆ సంస్థ ప్రతి బ్యాచ్‌నూ పరీక్ష చేయించుకుంటుంది, తప్పితే నల్ల జాబితాలో పెడుతుంది, అది మంచి పద్ధతే. కానీ ముడిసరుకు దారిని నిరూపించిన వారికీ నిరూపించని వారికీ ధర దగ్గర తేడా కనిపించదు.

మందు పదార్థాల వైపు చూస్తే, అంటే ఏపీఐల వైపు, కథ ఎంత భిన్నంగా ఉందో చెబితే నా ఫిర్యాదు అర్థమవుతుంది. మా పారాసెటమాల్ డ్రమ్ము మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. 2022 జనవరిలో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 2023 జనవరి 1 నుంచి ప్రతి ఏపీఐ లేబులు మీద అది తప్పనిసరి. దాన్ని స్కాన్ చేస్తే తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ సంఖ్య, బ్యాచ్ పరిమాణం, లైసెన్సు లేదా దిగుమతి లైసెన్సు సంఖ్య కనిపిస్తాయి. విదేశీ ఏపీఐ అయితే ఆ విదేశీ ప్లాంటే ఇక్కడ నమోదై ఉండాలి. ప్రభుత్వపు డబ్బూ శ్రద్ధా కూడా అటే ఉన్నాయి. 2020 మార్చి 3న చైనా నుంచి సరఫరా ఆగుతుందన్న భయంతో కేంద్రం పారాసెటమాల్‌తో సహా 26 ఏపీఐలు, మందుల ఎగుమతిపై ఆంక్షలు పెట్టినప్పుడు, మన మాత్రలు ఎంత దూరపు ముడిసరుకు మీద నిలబడి ఉన్నాయో అందరికీ తెలిసింది. అదే ఏడాది 6,940 కోట్ల రూపాయలతో 41 ఉత్పత్తులకు ప్రోత్సాహక పథకం వచ్చింది. పారాసెటమాల్‌కు మూలమైన పారా అమినో ఫినాల్ అందులో ఉంది. కాకినాడ దగ్గర పెనిసిలిన్ జి ప్లాంటు దాని వల్లా, అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు కేంద్రపు మరో పథకం వల్లా మన తెలుగు జిల్లాలకు వచ్చాయి. ఇవన్నీ మెచ్చుకోదగినవే. అయితే పిల్లలను చంపింది పారాసెటమాల్ కాదు, దాన్ని కరిగించిన ద్రవం. మందు డ్రమ్ముకు క్యూఆర్ కోడ్ అడిగిన నిబంధన ద్రావకపు డ్రమ్మును వదిలేసింది.

ఆ సందును పూడ్చే ప్రయత్నం 2025 అక్టోబరు చివర్లో మొదలైంది. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, సార్బిటాల్ వంటి అధిక ప్రమాద ద్రావకాలను తయారు చేసేవారు తమ బ్యాచ్ వివరాలు, పరిమాణం, ఎవరికి అమ్మినదీ ఓఎన్‌డీఎల్‌ఎస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ ఔషధ లైసెన్సుల పోర్టల్‌లో నమోదు చేయాలని ఆదేశం వచ్చింది. మాకు ఇన్‌స్పెక్టర్ వేసిన ప్రశ్నకు జవాబు దొరకాల్సిన చోటు అదే. శెట్టిగారి గల్లా పెట్టె రహస్యాన్ని మేము బతిమాలి రాబట్టుకునే అవసరం లేకుండా, తయారీదారు నుంచి వచ్చిన దారి ప్రభుత్వ నమోదులోనే కనబడితే, మంచి వ్యాపారికీ లాభమే. నమోదుకు బయట ఉన్న పారిశ్రామిక గ్రేడు సరుకు అదే వీధిలో అదే క్యాన్లలో అమ్ముడవుతున్నంత కాలం ఈ జవాబు సగమే. చిన్న క్యాన్లలోకి వంపే చోటును లైసెన్సు కిందికి తెస్తే తప్ప రెండో సగం రాదని నా ఉద్దేశం.

వీటన్నిటి మీద సవరించిన షెడ్యూల్ ఎం (మందుల తయారీలో పాటించాల్సిన మంచి పద్ధతుల నియమావళి) గడువు వచ్చి పడింది. 2023 డిసెంబరు 28 నాటి నోటిఫికేషన్‌తో వచ్చిన ఆ నియమావళికి, 250 కోట్ల లోపు టర్నోవర్ ఉండి ఆధునికీకరణ ప్రణాళికతో దరఖాస్తు చేసుకున్న యూనిట్లకు 2025 డిసెంబరు 31 వరకు గడువు పొడిగించారు. సరఫరాదారుల ఆడిట్, ఛేంజ్ కంట్రోల్, రిస్క్ మేనేజ్‌మెంట్, ఏటా ఉత్పత్తి నాణ్యత సమీక్ష, కంప్యూటర్ వ్యవస్థల వ్యాలిడేషన్ అన్నీ అందులో ఉన్నాయి. గాలి శుద్ధి వ్యవస్థకూ గోడలకూ అప్పు దొరికింది. బ్యాంకు వారికి యంత్రం తాకట్టు అర్థమవుతుంది. వెండర్ ఆడిట్‌కు వెళ్లి వచ్చే మనిషి జీతానికి అప్పు ఇవ్వరు. ప్రొపిలీన్ గ్లైకాల్ కోసం మేము పడిన పాట్లు షెడ్యూల్ ఎం తనిఖీలో మాత్రం అక్కరకు వచ్చాయి. సరఫరాదారు అర్హత నిర్ణయం ఎలా చేస్తారని అడిగినప్పుడు కొత్తగా రాసిన విధానపత్రం చూపించకుండా, పూర్తి చేసిన ఒక ఫైలు చూపించగలిగాము.

మా ఉత్పత్తుల జాబితా ఈ క్రమంలో కుదించుకుపోయింది. పారాసెటమాల్, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు సిరప్పును, నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదన్న 2023 డిసెంబరు హెచ్చరిక తర్వాత ఎలాగూ అమ్మకం పడిపోయింది గనుక, మూసివేశాము. ఇతరుల బ్రాండ్ల కోసం థర్డ్ పార్టీగా చేసే సిరప్పుల్లో, పరీక్ష ఖర్చు కలిపి కొత్త ధర చెబితే ఒప్పుకోనివారికి చేయడం మానేశాము. వారిలో కొందరు హిమాచల్, ఉత్తరాఖండ్ యూనిట్లకు వెళ్లారు. పారిశ్రామిక వాడలో మాతో కలిసి ఆర్డరు పెట్టిన రెండు యూనిట్లలో ఒకటి ద్రవ మందుల విభాగాన్నే మూసి మాత్రలకు పరిమితమైంది. మాత్రల్లో ఈ ద్రావకాల గొడవ లేదని వారి లెక్క. నియమాలు కఠినమైతే చిన్న పరిశ్రమ చనిపోతుందని సంఘాల సమావేశాల్లో వినిపించే మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. సిరప్పు చేయడానికి కావలసిన కనీసపు శక్తి లేని యూనిట్ సిరప్పు మానుకోవడం నష్టమని నేననుకోను. కానీ ఆ కనీసపు శక్తి ఉమ్మడి పరీక్షాగారంతో తీరేదై ఉండి, అది లేక మూతపడితే నష్టమే. ఆలత్తూరులో పదిమంది కలిసి ఒక జీసీ పెట్టుకోవచ్చు. బాధ్యత ఎవరిది, ఫలితం తేడా వస్తే ఎవరి బ్యాచ్ ఆగాలి, ఆడిట్ ట్రయల్ ఎవరి పేరు మీద ఉండాలి అన్న ప్రశ్నల దగ్గర ఆ ఆలోచన రెండు సమావేశాల్లోనూ ఆగిపోయింది.

శెట్టిగారు ఇప్పుడు మాకు ప్రొపిలీన్ గ్లైకాల్ అమ్మడం లేదు, చక్కెరా సిట్రిక్ ఆమ్లమూ అమ్ముతున్నారు. గ్లిజరిన్‌కు కూడా ఇదే విధంగా తయారీదారును వెతుకుతున్నాము. సబ్బుల తయారీ నుంచి వచ్చే గ్లిజరిన్, బయోడీజిల్ నుంచి వచ్చే గ్లిజరిన్, వాటిని శుద్ధి చేసేవారు, వారి దగ్గర కొని మళ్లీ నింపేవారు అంటూ ఆ దారి ఇంకా పొడుగ్గా ఉంది. మొదటి ప్రశ్నావళి పంపించాము, తయారీదారు ప్లాంటు సందర్శనకు తేదీ రావలసి ఉంది. అప్పటి వరకు గ్లిజరిన్ ఉన్న సస్పెన్షన్ల ఉత్పత్తి ప్రణాళికలో ఖాళీగానే ఉంచాము.